ఆరు నెలలకే చెల్లిపోయే ‘పప్పీ ప్యాకేజీ’: మా మల్లి ఆపరేషన్ విషయంలో రెండు క్లినిక్కుల అనుభవం

మా ఇంట్లో మల్లి అనే ఆడ లాబ్రడార్ ఉంది. 2023 అక్టోబరు మొదటి వారంలో పుట్టింది. యాభై రోజుల పిల్లగా మా ఇంటికి వచ్చింది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న ఒక్క ప్రశ్న కోసం మేము విజయవాడలో రెండు పెట్ క్లినిక్కుల మెట్లెక్కాము. మొదటి క్లినిక్కు మాకు అమ్మిన ‘పప్పీ ప్యాకేజీ’నీ, రెండో క్లినిక్కులో చివరికి చేయించిన ఆపరేషన్‌నూ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను. రెండింటి పేర్లూ రాయడం లేదు. ఒకరి మీద నాకు ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు ఉన్నవారి పేరు దాచి, మెచ్చుకున్నవారి పేరు మాత్రం చెబితే అది సమీక్ష అనిపించుకోదు, ప్రకటన అవుతుంది.

ముందు ప్యాకేజీ సంగతి. పదహారు వేల రూపాయలు ఒకేసారి కట్టించుకుని, పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) మొదలైన జబ్బులకు విడతలవారీ టీకాలు, మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, నులిపురుగుల మందు, నాలుగుసార్లు డాక్టరు పరీక్ష, ఒకసారి స్నానం, గోళ్ళ కత్తిరింపు, ఆఖరున స్టెరిలైజేషన్ ఆపరేషన్ ఇస్తామన్నారు. విడివిడిగా చేయిస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే నాలుగైదు వేలు మిగులుతాయని నేను కాగితం మీద లెక్క వేసుకుని మరీ కట్టాను. కళాశాలలో లెక్కలు చెప్పే దాన్ని కాబట్టి లెక్క తప్పలేదు. తప్పిందల్లా కార్డు వెనుక చిన్న అక్షరాలలో ఉన్న ఒక వాక్యాన్ని చదవకపోవడం. ఆపరేషన్‌ను పిల్లకు ఆరు నెలలు నిండేలోగా వాడుకోవాలనీ, ఆ తరువాత అది చెల్లదనీ అందులో ఉంది.

టీకాల వరకు ఆ క్లినిక్కును నేను నిందించలేను. ప్రతి విడతకు రెండు రోజుల ముందు కబురు చేసేవారు, టీకా సీసా మీది లేబుల్‌ను మా ఎదుటే కార్డులో అతికించేవారు, టీకా వేశాక పావుగంటసేపు అక్కడే కూర్చోబెట్టి పిల్ల తీరు చూసి పంపేవారు. అప్పుడే పార్వో సోకి సెలైన్ ఎక్కించుకుంటున్న ఒక పిల్లను చూపించి, టీకాలు పూర్తయ్యేదాకా మల్లిని వీధిలోకి దింపవద్దని అక్కడి కాంపౌండరు గట్టిగా చెప్పిన మాట మాకు ఎంతో మేలు చేసింది.

2024 మార్చిలో, మల్లికి అయిదు నెలలు నిండిన వారంలో, క్లినిక్కు నుంచి ఫోన్ వచ్చింది. వచ్చే బుధవారం ఆపరేషన్‌కు ఖాళీ ఉందనీ, ఈ నెల దాటితే ప్యాకేజీ చెల్లదనీ అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. డాక్టరు గారిని కలిసి మాట్లాడాలన్నాను. ఆయన రెండు నిమిషాలు కేటాయించారు. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల భయం ఉండదు, గర్భసంచికి చీము పట్టే గొడవ ఉండదు, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది అన్నారు. మల్లి బరువెంతో ఆ రోజు తూచలేదు. అది ఏ జాతి అని కూడా అడగలేదు. కార్డు మీద ఉందనుకున్నారేమో. రక్తపరీక్ష చేస్తారా అని మా వారు అడిగితే, కావాలంటే చేయించుకోవచ్చు, అది ప్యాకేజీలోకి రాదు అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఈ సమీక్షలో నేను జాగ్రత్తగా చెప్పదలచుకున్న విషయం ఇదే. రొమ్ము గడ్డల గురించి పశువైద్యులందరూ తలచుకునే అంకెలు 1969లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనవి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు ఉండే ప్రమాదాన్ని వందగా అనుకుంటే, మొదటి ఎదకు ముందే చేయించినదానికి అందులో 0.5 వంతు, ఒక ఎద గడిచాక చేయిస్తే 8 వంతులు, రెండు ఎదలు గడిచాక అయితే 26 వంతులు మిగులుతుందని అది చెప్పింది. చాలామంది దీన్ని వంద కుక్కల్లో 26 కుక్కలకు క్యాన్సర్ వస్తుందన్నట్టుగా చదువుకుని హడలిపోతారు. నేనూ మొదట అలాగే చదివాను. నిజానికి అవి ఆపరేషన్ చేయించని కుక్కతో పోలిక మాత్రమే. పైగా 2012లో బ్రిటన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ జల్లెడ పట్టి, ఎంత చిన్న వయసులో చేయిస్తే అంత రక్ష అన్న మాటకు ఆధారం బలంగా లేదని తేల్చారు. గర్భసంచికి చీము పట్టే జబ్బు మాత్రం నిజంగా భయపడవలసినదే. ఆపరేషన్ లేకుండా పెరిగిన ఆడకుక్కల్లో పదేళ్ళు వచ్చేలోపు దాదాపు నాలుగింట ఒకదానికి అది వస్తుందని స్వీడన్ బీమా లెక్కలు చూపించాయి, సమయానికి కనిపెట్టకపోతే ప్రాణం తీస్తుంది. అయితే అది ఎక్కువగా నడివయసు దాటిన కుక్కలకు వచ్చే జబ్బు. ఆపరేషన్ చేయించాలి అనడానికి అది గట్టి కారణమే గాని, వచ్చే బుధవారమే చేయించాలి అనడానికి కారణం కాదు.

డాక్టరు గారు చెప్పకుండా వదిలేసిన సగం ఏమిటో నాకు రెండో క్లినిక్కులో తెలిసింది. మా అబ్బాయి స్నేహితుడి ఇంట్లోవారు చెబితే అక్కడికి వెళ్ళాము. సంప్రదింపు రుసుము అయిదు వందలు. గంటన్నర కూర్చోబెట్టారు గాని, లోపలికి పిలిచాక డాక్టరమ్మ మాకు ముప్పావుగంట ఇచ్చారు. ముందు మల్లిని తూచారు: 18 కిలోలు. నడిపించి చూశారు, వెనుక కాళ్ళను వంచి, చాచి చూశారు, తోక కిందా చూసి, మర్మస్థానం ఇంకా పిల్లకు ఉన్నట్టే లోపలికి ముడుచుకుని, చుట్టూ చర్మం మడతపడి ఉందనీ, అక్కడ చెమ్మ నిలిచి కాస్త ఎర్రబడిందనీ చూపించారు. ఒక ఎద గడిస్తే ఆ భాగం సహజంగా ఎదిగి సర్దుకునే అవకాశం ఉందనీ, ఇప్పుడే అండాశయాలు తీసేస్తే అది అలాగే ఉండిపోవచ్చనీ అన్నారు.

తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. మీది సొంత ఇల్లా, అపార్ట్‌మెంటా? గేటు ఎప్పుడూ వేసే ఉంటుందా? ఇంట్లో మగకుక్క ఉందా, పక్కింట్లో ఉందా? ఇది ఎదకు వచ్చిన మూడు వారాలూ పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? మేడ మీదికి ఒంటరిగా వెళ్తుందా? తిండి ఎవరు పెడతారు, కొలిచి పెడతారా, గిన్నెలో పోసి వదిలేస్తారా? ఒక్కొక్క ప్రశ్నకూ మా జవాబును ఆమె కాగితం మీద రాసుకున్నారు. మాది మూడో అంతస్తు ఫ్లాటు, మా అత్తగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు, మల్లి బెల్టు లేకుండా గడప దాటదు. ఈ మూడు జవాబులూ విన్నాక ఆమె, అయితే మీకు ఆగే వీలుంది అన్నారు. ఆపరేషన్ వయసు నిర్ణయంలో మా గేటుకూ మా అత్తగారికీ కూడా పాత్ర ఉంటుందని అంతవరకు మాకు తట్టలేదు.

ఆగడం ఎందుకో ఆమె తేలిక మాటల్లో చెప్పారు. ఎదిగే వయసు కుక్కల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది. యుక్తవయసులో అండాశయాల నుంచో, వృషణాల నుంచో వచ్చే హార్మోన్ల వల్లే ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. హార్మోన్లను ముందే తీసేస్తే పొర ఆలస్యంగా మూసుకుంటుంది, కాళ్ళు ఉండవలసినదానికన్నా కాస్త పొడవుగా సాగుతాయి, మోకాలి దగ్గర, తుంటి దగ్గర కొలతలు తప్పుతాయి. అయిదారు కిలోల కుక్క ఈ తేడాను తట్టుకుంటుంది. ముప్పై కిలోల బరువు పడే మోకాలి లిగమెంటుకు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీకి, మాత్రం అది భారమవుతుంది. పెద్ద జాతి ఆడకుక్కల్లో మరీ చిన్న వయసులో ఆపరేషన్ జరిగితే, పెద్దయ్యాక నిద్రలో మూత్రం జారిపోయే ఇబ్బంది కూడా ఎక్కువగా కనిపిస్తుందట.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు తమ ఆస్పత్రి రికార్డుల ఆధారంగా ఈ విషయం మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. 2014లో ప్రచురించిన వారి అధ్యయనం ప్రకారం ఆపరేషన్ చేయించని లాబ్రడార్లలో సుమారు 5 శాతానికి కీళ్ళ జబ్బులు వస్తే, ఆరు నెలల లోపు చేయించినవాటిలో అది రెట్టింపయింది. గోల్డెన్ రిట్రీవర్లలో నాలుగైదు రెట్లయింది. 2020లో వారు 35 జాతులను విడివిడిగా పరిశీలించి ఒక్కొక్క జాతికీ, అందులో ఆడదానికీ మగదానికీ వేరువేరు సలహా ఇచ్చారు. ఆడ లాబ్రడార్‌కు 11 నెలలు దాటాక అన్నారు. జర్మన్ షెపర్డ్‌కు ఆడదైనా మగదైనా రెండేళ్ళ దాకా ఆగమన్నారు. చిన్న జాతుల్లో చాలావాటికి, అంటే మన ఇళ్ళల్లో కనిపించే షిజూ, పగ్ వంటివాటికి, తొందరగా చేయించినా కీళ్ళ బాధ పెరగలేదు. జాతి తెలియని కుక్కల విషయంలో పెద్దయ్యాక 20 కిలోలు దాటేవాటికే ఆగడం మేలని తేల్చారు. ఇవన్నీ చెప్పి డాక్టరమ్మ ఒక హెచ్చరిక కూడా చేశారు: ఆ కుక్కలన్నీ అమెరికాలో ఒకే ఆస్పత్రికి వచ్చినవి, కాబట్టి ఆ అంకెలు మన కుక్కలకు అక్షరాలా వర్తిస్తాయని అనుకోవద్దు, దారి చూపించడానికి మాత్రం పనికివస్తాయి. తన మాటకు తనే హద్దు గీసుకునే డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ రోజు తీసుకున్న నిర్ణయం ఇది: మొదటి ఎద గడవనివ్వాలి, అది ముగిశాక రెండున్నర మూడు నెలలు ఆగి, హార్మోన్లు సద్దుమణిగిన సమయంలో ఆపరేషన్ చేయించాలి. ఎదలో ఉండగా చేస్తే ఆ భాగానికి రక్తప్రసారం ఎక్కువగా ఉండి రక్తస్రావం భయం ఉంటుంది. ఎద ముగిసిన కొత్తలో చేస్తే ఉత్తుత్తి చూలు లక్షణాలు, పాలు రావడం వంటివి చాలాకాలం వదలకపోవచ్చు. అందుకే ఆ విరామం.

ఇంటికి వచ్చాక మా అత్తగారు, ఆడపుట్టుక పుట్టినందుకు ఒక్క కాన్పయినా చూడనివ్వరా, పాపం కదా అన్నారు. ఈ మాట మనవైపు ఎన్ని ఇళ్ళల్లో వినిపిస్తుందో! మరుసటి సారి ఆవిడను కూడా క్లినిక్కుకు తీసుకువెళ్ళాము. ఒకసారి పిల్లలు పెట్టడం వల్ల కుక్క ఆరోగ్యానికి ఒరిగేది ఏమీ లేదమ్మా, లాబ్రడార్ ఒక ఈతకు ఏడెనిమిది పిల్లలు పెడుతుంది, ఆ ఎనిమిదింటికీ మీరు ఇళ్ళు వెతకగలరా అని డాక్టరమ్మ అడిగారు. అత్తగారు వేళ్ళ మీద చుట్టాలను లెక్కపెట్టి మూడు దగ్గర ఆగిపోయారు. జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం (కొత్తవి 2023లో వచ్చాయి) పెంపుడు కుక్కకు టీకాలూ సంతాన నియంత్రణా యజమాని బాధ్యతే. వీధికుక్కల సంగతి మున్సిపాలిటీ చూసుకుంటుంది గాని, మనం వదిలేసిన పిల్లలు రేపటికి వీధికుక్కలవుతాయని ఆమె చెప్పింది అత్తగారికి బాగానే ఎక్కింది.

ఆగడం ఉచితం కాదని కూడా చెప్పాలి. ఆగస్టులో, పదో నెల నిండాక, మల్లి ఎదకు వచ్చింది. మూడు వారాలపాటు ఇల్లు మా స్వాధీనంలో లేదు. రక్తపు చుక్కల కోసం పాత చీరలు పరిచాము, కుక్కలకు అమ్మే డైపర్లు తొడిగితే గంటలో చింపేసేది. వీధిలోని మగకుక్కలు అయిదారు తెల్లవారుజాము నుంచే గేటు ముందు చేరేవి. వాచ్‌మన్ కర్ర పట్టుకుని ముందు నడిస్తే తప్ప మేము కిందికి దిగలేకపోయాము. రెండో వారంలో, అంటే రక్తం పలచబడి, ఇక అయిపోయిందని మనం అనుకునే రోజుల్లోనే అసలు ప్రమాదం అని డాక్టరమ్మ ముందే హెచ్చరించబట్టి మేము బెల్టు వదల్లేదు. ఇంటి చుట్టూ ప్రహరీ లేనివారు, కుక్కను పెరట్లో వదిలేసేవారు, పగలంతా ఇంటికి తాళం వేసుకుని వెళ్ళేవారు ఈ మూడు వారాలు గడపగలరని నాకు నమ్మకం లేదు. అలాంటి ఇళ్ళకు ఆరు నెలలకే చేయించడమే సరైన సలహా అవుతుంది. పది నెలల పిల్ల తల్లి కావడం కన్నా కీళ్ళ గురించిన ఆ కొద్దిపాటి అదనపు భయం నయం.

సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగింది. మా ఫ్లాటులోకి నీరు రాలేదు గాని వీధిలో నడుములోతు నిలిచింది, కరెంటు లేదు, తాగేనీరు లేదు. మల్లిని మా చెల్లెలి ఊరికి పంపి పదిహేను రోజులు ఉంచాము. అక్కడ గేదెల పాక పక్కనే కట్టేశారు. తిరిగి వచ్చినప్పుడు చెవుల సందుల్లో, కాలివేళ్ళ మధ్య పిడుదులు. ఏరి పారేసి, మెడ మీద చుక్కల మందు వేసి, ఆ సంగతి మరిచిపోయాము. మల్లి మామూలుగా తింటోంది, మామూలుగా చెప్పులు కొరుకుతోంది.

నవంబరు మధ్యలో ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్ష కోసం వెళ్ళాము. ఇది ఈ క్లినిక్కులో ఐచ్ఛికం కాదు. పరీక్ష లేకుండా మత్తు ఇవ్వరు. పద్దెనిమిది వందలు తీసుకున్నారు. సాయంత్రం ఫోన్ చేసి ప్లేట్‌లెట్లు 74 వేలే ఉన్నాయన్నారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు లక్షల చుట్టుపక్కలైనా ఉండాలి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా, అంటే అందరూ టిక్ ఫీవర్ అనేది, పైకి ఏ లక్షణమూ కనబడకుండా నెలల తరబడి ఒంట్లో దాగి ప్లేట్‌లెట్లను తగ్గిస్తూ ఉంటుందట. కోస్తాలో, తెలంగాణలో ఇది ఇంటింటి జబ్బు. ఆ స్థితిలో పొట్ట కోసి ఉంటే రక్తం గడ్డకట్టక ఏం జరిగేదో ఊహించుకోవడానికి డాక్టరు కానక్కరలేదు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు వేసి, మళ్ళీ పరీక్ష చేసి, సంఖ్య రెండు లక్షలు దాటాకే తేదీ ఇచ్చారు. ప్యాకేజీ క్లినిక్కులో ఈ పరీక్ష ‘కావాలంటే చేయించుకునేది’ అన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరించింది. అయిదు నెలల వయసులో మల్లికి ఈ జబ్బు లేకపోవచ్చు; కానీ అదే క్లినిక్కులో అదే వారం ఆపరేషన్ చేయించుకున్న కుక్కలన్నింటికీ లేదని ఎవరు చెప్పగలరు?

2025 జనవరిలో, పదిహేను నెలల వయసులో, 27 కిలోల బరువుతో మల్లి ఆపరేషన్ బల్ల ఎక్కింది. ముందు రోజు రాత్రి తొమ్మిది తరువాత తిండి పెట్టవద్దన్నారు, నీళ్ళు పొద్దున దాకా ఇవ్వవచ్చన్నారు. కాలికి సూది పెట్టి, ముందు నిద్రమత్తు ఇచ్చి, తరువాత గొంతులోకి గొట్టం వేసి గ్యాసు మత్తు మీద ఉంచారు. గుండె, ఆక్సిజన్ చూసే మానిటర్ దగ్గర ఆపరేషన్ ముగిసేదాకా వేరే మనిషి ఒకరు నిలబడే ఉన్నారు. అద్దం తలుపు బయటినుంచి మమ్మల్ని చూడనిచ్చారు. మా వారు చూశారు, నేను చూడలేకపోయాను. గంటలోపే పూర్తయింది. తీసేసిన గర్భసంచినీ రెండు అండాశయాలనూ పళ్ళెంలో తెచ్చి చూపించి, రెండూ పూర్తిగా వచ్చాయని చెప్పారు. అండాశయం ముక్క ఒక్కటి లోపల మిగిలినా కుక్క మళ్ళీ ఎదకు వస్తుందట. సాయంత్రానికి తూలుతూ నడిచింది, ఇంటికి పంపారు. అంతకు ముందున్న ఎరుపు, చర్మపు మడత ఆపరేషన్ నాటికే సర్దుకున్నాయి.

ఇక రెండో క్లినిక్కు మీద నా ఫిర్యాదులు. అపాయింట్‌మెంట్ వేళ అన్నది అక్కడ పేరుకే. నాలుగుసార్లు వెళితే నాలుగుసార్లూ గంటకు తక్కువ కాకుండా కూర్చున్నాము. కుట్లు నాకకుండా మెడకు వేసే ప్లాస్టిక్ కోన్ చిన్నది ఇచ్చారు. మొదటి రాత్రే మల్లి దాని అంచు మీదుగా కుట్లను అందుకుంది. అత్యవసరానికని ఇచ్చిన నంబరు రాత్రి పదకొండింటికి ఎవరూ ఎత్తలేదు. మా అబ్బాయి పాత టీషర్టును వెనుకవైపు ముడివేసి తొడిగి, నేను పక్కనే పడుకుని తెల్లవార్చాము. పొద్దున డాక్టరమ్మ క్షమించమని, పెద్ద కోన్ ఇచ్చి డబ్బు తీసుకోలేదు. అయినా, 27 కిలోల కుక్కకు ఏ కొలత కోన్ కావాలో ముందు రోజే చూసి ఉంచవలసింది. బిల్లు వివరంగా కావాలని అడిగితేగాని ఇవ్వలేదు. ఇచ్చాక చూస్తే అందులో తప్పేమీ లేదు.

లెక్క చెప్పకపోతే నాకు తోచదు కాబట్టి అదీ రాస్తాను. ఆపరేషన్, మత్తు, మందులు కలిపి పదమూడు వేలు. రెండు రక్తపరీక్షలు, టిక్ ఫీవర్ మాత్రలు, సంప్రదింపులు కలిపి మరో ఆరు వేల పైచిలుకు. ప్యాకేజీలో వాడుకోని ఆపరేషన్ వాటాను వాపసు ఇమ్మని మొదటి క్లినిక్కును అడిగితే నిబంధన చూపించారు. డబ్బు వద్దు, దానికి బదులు వచ్చే ఏడాది టీకాలు వేయండి అన్నా ఒప్పుకోలేదు. ఇంత ఖర్చు పెట్టలేనివారికి ప్రభుత్వ పశువైద్యశాలలు, గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి. అక్కడికి వెళ్ళినా, మత్తుకు ముందు ప్లేట్‌లెట్లు చూడమని మాత్రం నోరు తెరిచి అడగాలి.

మగకుక్క ఉన్నవారికి రెండు మాటలు, మా తమ్ముడి జర్మన్ షెపర్డ్‌ను కూడా ఇదే డాక్టరమ్మకు చూపించాము కాబట్టి. దానికి తొమ్మిది నెలలు. సోఫాలో కూర్చున్న ప్రతివాడి కాలినీ పట్టుకుని జతకట్టబోతోందనీ, కొత్తవాళ్ళను చూసి మొరుగుతోందనీ తమ్ముడు వెంటనే ఆపరేషన్ చేసేయమన్నాడు. కాళ్ళు పట్టుకోవడం, గోడలకు మూత్రం కొట్టడం, గోడ దూకి తిరగడం తగ్గుతాయి గాని, భయంవల్ల మొరిగే కుక్క ఆపరేషన్‌తో ధైర్యం తెచ్చుకోదు, ఒక్కోసారి ఇంకా బెదురుతుంది, దానికి శిక్షణ కావాలి అన్నారామె. రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో తడిమి చూసి, దిగాయి కాబట్టి తొందర లేదు, ఈ జాతికి రెండో ఏడు నిండాక మాట్లాడుకుందాం అన్నారు. ఒకటి పొట్టలోనే ఉండిపోతే మాత్రం అది గడ్డగా మారే ప్రమాదం ఎక్కువ కాబట్టి తీసేయవలసిందేనట. మగకుక్కకు ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలపాటు చూలు కట్టించే శక్తి మిగిలి ఉంటుందన్నది మా తమ్ముడికి కొత్త విషయం. వాళ్ళ పక్కింట్లో ఆడకుక్క ఉంది.

మొదటి క్లినిక్కుకు టీకాల వరకు అయిదుకు నాలుగు, ప్యాకేజీకి ఒకటి ఇస్తాను. ప్యాకేజీలు అమ్మడం తప్పని అనను. ఆపరేషన్ గడువును ఆరు నెలలకు బదులు రెండేళ్ళకు పెడితే ఈ సమీక్షలో సగం రాయవలసిన పని ఉండేది కాదు. పగ్‌నో, ఇంటి చుట్టూ ప్రహరీ లేకుండా నాటు ఆడ కుక్కపిల్లనో పెంచుకుంటున్నవారికి ఆ ప్యాకేజీ ఇప్పుడున్నట్టుగానే సరిపోతుంది, రక్తపరీక్షకు వేరే డబ్బు కట్టడానికి సిద్ధపడితే. రెండో క్లినిక్కుకు నాలుగు. ఆ ఒక్కటీ తగ్గించింది కోన్ గురించి, ఎత్తని ఫోన్ గురించి.

కుట్లు పన్నెండో రోజున విప్పారు. ఆపరేషన్ తరువాత ఒంటికి కావలసిన తిండి పావువంతుకు పైగా తగ్గుతుందనీ, లాబ్రడార్లకు ఆకలి పుట్టుకతోనే ఎక్కువనీ చెప్పి, డాక్టరమ్మ మల్లి కార్డు మీద నెలనెలా బరువు రాయడానికి పన్నెండు గళ్ళు గీసి ఇచ్చారు. మొదటి మూడు గళ్ళల్లో 27, 28, 29 అని ఉంది. నాలుగో నెలలో కారణం తెలిసింది: మా అత్తగారు సాయంత్రం కాఫీతోపాటు రెండు బిస్కెట్లు దానికి కూడా పెడుతున్నారు. ఇప్పుడు బిస్కెట్ల డబ్బా పై అరలో ఉంది, కార్డులో చివరి గడిలో 27.5 ఉంది.